ఒక్క గోలు కొట్టి ఏడవరా చినబాబూ

మా బావమరిది చినబాబును ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాడు చెడ్డవాడని కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. మంచివాడు కావడమే నా ప్రాణం మీదికి తెచ్చింది. మలికిపురం దగ్గర వాళ్ళ ఊళ్ళో అందరికీ మంచివాడు. కువైట్‌లో వాడితో పనిచేసిన బంగ్లావాళ్ళకీ నేపాలీలకీ మంచివాడు. ఆఖరికి ఐసు మీద ఆడే ఆటలో కూడా మంచివాడే. ఆ మంచితనం మూలంగా 2009లో వాడి ఇఖామా, అంటే కువైట్‌లో ఉండనిచ్చే పర్మిట్టు, ఊడిపోయేదాకా వచ్చింది. పక్కనే నా తొమ్మిదేళ్ళ ఉద్యోగం కూడా ఊగిసలాడింది.

ముందు నేనెవరో చెప్పాలి. నా పేరు నాగేంద్రబాబు, మాది రాజోలు. అబూ మిషారీ అనే ఆయన దగ్గర డ్రైవర్ని. ఆయనకి అల్ రాయ్‌లో కార్ల షోరూము, షువైఖ్‌లో గ్యారేజీ ఉన్నాయి. నా భార్య వెంకటదుర్గ అదే ఇంట్లో వంట చేస్తుంది. ఆయన్ని మేము బాబా అంటాం, ఆయన భార్యని మామా అంటాం. చినబాబు మా ఆవిడ తమ్ముడు. 2005లో ఒక క్లీనింగ్ కంపెనీ వీసా చూసి నేనే వాణ్ణి తీసుకొచ్చాను. తీసుకొచ్చిన పాపానికి వాడి మంచీ చెడూ అన్నీ నా నెత్తినే పడ్డాయి.

కంపెనీ వాణ్ణి ఐసు రింకులో పడేసింది. బయట యాభై డిగ్రీల ఎండలో మనుషులు మాడిపోతుంటే వీడు లోపల స్వెట్టరు తొడుక్కుని రబ్బరు చాపలు తుడిచేవాడు. అద్దెకిచ్చే బూట్లకి అడుగున కత్తులుంటాయి, వాటికి సాన పెట్టేవాడు. ఐసు గీతలు పడితే దాని మీద నీళ్ళు పోసి నున్నగా చేసే ట్రాక్టరు లాంటి బండి ఒకటుంది. ఏడాది తిరిగేసరికి అది కూడా నడిపాడు. బ్నీద్ అల్ గార్‌లో వాడి గదిలో ఉండే ఎనిమిది మందీ వాడి అదృష్టానికి కుళ్ళుకునేవాళ్ళు.

ఆ కత్తుల బూట్లు వేసుకుని మొదటిసారి నిలబడ్డ రోజున ఫోన్ చేశాడు. "కత్తిపీట మీద నిలబడ్డట్టుంది బావా," అన్నాడు. "దిగి చావరా, కాలు విరిగితే ఎవడు చూత్తాడు?" అన్నాను. దిగలేదు. పొద్దున్నే జనం రాకముందు ఆ గంటసేపు రోజూ జారాడు. మూడేళ్ళు జారాడు. పడ్డాడు, లేచాడు, గడ్డం పగలగొట్టుకున్నాడు, మళ్ళీ జారాడు. డేవ్ అని కెనడా ఇంజనీరు ఒకాయన శుక్రవారాలు అక్కడ కుర్రాళ్ళకి ఆట నేర్పేవాడు. మనుషులు తక్కువైనప్పుడల్లా చినబాబు చేతికి కర్ర ఇచ్చి రమ్మనేవాడు. వీడికి కావలసిందీ అదే.

ఆట సంగతి నాకు అర్థమైనంత చెప్తాను. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. నల్లటి రబ్బరు బిళ్ళ ఒకటుంటుంది. కర్రలతో దాన్ని నెట్టుకుంటూ వెళ్ళి ఎదుటివాళ్ళ గూట్లో వేస్తే గోలు. ఆరుగురిలో ఒకడు గూటి ముందు కాపలా. ఇద్దరు వెనక ఉండి అడ్డుకుంటారు. ముగ్గురు ముందుండి గోల్స్ కొడతారు. చినబాబు ఆ ముందు ముగ్గురిలో ఒకడు. కాబట్టి వీడి పనేంటి? గోలు కొట్టడం. ఇది చెప్పడానికి చదువుకున్నవాడు కావాలా?

అక్కడే వచ్చింది తంటా. వీడు చిన్నప్పటి నుంచీ చెడుగుడు ఆడినవాడు. తీర్థాల్లో పందేలకి వాళ్ళ ఊరు మొత్తం వీడి మీదే ఆశ పెట్టుకునేది. చెడుగుడులో కూతకెళ్ళినవాడు ఎంతమందిని ముట్టుకున్నా, ఊపిరి ఆగకముందే గీత దాటి ఇవతలికి రావాలి. రాకపోతే అవుటు. అది వీడి ఎముకల్లో ఉండిపోయింది. ఐసు మీద కూడా బిళ్ళ తీసుకుని అవతలికి వెళ్ళడం, కొట్టడం, కొట్టిన మరుక్షణం వెనక్కి తిరిగి పరుగు. బిళ్ళ గూట్లో పడిందా, బయట పడిందా, కాపలావాడి కాలికి తగిలి మళ్ళీ వీడి ముందుకే వచ్చిందా, అదేం చూడడు. ఇంకో విడ్డూరం చెప్తాను, వినండి. అవతలికి వెళ్ళేటప్పుడు వీడు ఊపిరి బిగబట్టి గొణిగేవాడు. ఒకసారి ఐసు చుట్టూ కట్టిన అద్దం గోడకి దగ్గరగా నిలబడి విన్నాను. చెడుగుడు కూత పెడుతున్నాడు! కువైట్‌లో, ఐసు మీద, తలకి హెల్మెట్టు పెట్టుకుని!

"ఎందుకురా వెనక్కొచ్చేత్తన్నావ్?" అని అడిగితే, "ఏమో బావా, కాళ్ళే తిరిగిపోతన్నాయి," అన్నాడు.

మొదట్లో డేవ్ కూడా నెత్తి కొట్టుకున్నాడు. తరవాత ఏం చూశాడో ఏమో, కొట్టుకోవడం మానేశాడు. నాతో ఒకరోజు పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. ముందు ఆడేవాళ్ళలో ఒక రకం ఉంటారట. వాళ్ళు దాడికీ వెళ్తారు, అడ్డుకోవడానికీ వస్తారు. నూటికి ఒకడు దొరుకుతాడట. వాళ్ళ దేశంలో అలాంటివాళ్ళకి వేరే బహుమతే ఉందట. మా దేశంలో రెండు పనులూ చేసేవాడికి మూడో పని చెప్తారు, అంతకుమించి ఏమీ ఇవ్వరు.

అంతవరకూ ఆట ఆటే, నాకేం నష్టం లేదు. 2009 జనవరిలో అసలు కథ మొదలైంది. చినబాబు కంపెనీకి రింకు కాంట్రాక్టు పోయింది. మార్చి ఆఖరుతో ఇఖామాలు అయిపోతాయి, కొత్తగా వేయరు, టిక్కెట్లు కొని ఇళ్ళకి పంపేస్తామన్నారు. వేరే కఫీల్, అంటే వీసాకి పూచీ పడే యజమాని, ఎవరైనా తీసుకుంటే సరే. లేకపోతే ఖలాస్. వాడు ఇంటికెళ్ళి ఏం చేస్తాడు? ఎవరి చేపల చెరువుకో కాపలా కాస్తాడు. అక్కడ చెరువులుంటాయిగానీ వాడి కాళ్ళకి పట్టుబడ్డ ఐసు ఉండదు. ఆ సంగతి వాడు నోటితో అనలేదు. రెండు రోజులు అన్నం ముందు కూచుని చేత్తో కెలికి లేచిపోయాడు. మా ఆవిడ నన్ను పట్టుకుంది. "ఏవండీ, మీ బాబాని అడగండి. ఆయన దగ్గర అంతమంది పన్జేత్తన్నారు, ఈడొక్కడు ఎక్కువా?"

అడిగాను. షోరూముకి తీసుకెళ్తూ కారులోనే అడిగాను. అబూ మిషారీ గారికి ఐసు హాకీ అంటే పిచ్చి. ఆయనకి ఆట తెలుసునని కాదు. ఆయన కొడుకు మిషారీ, ఇరవై రెండేళ్ళవాడు, గూటి ముందు కాపలా ఆడతాడు. కొడుకు కోసం ఆయన ఒక జట్టే పెట్టి, డేవ్‌ని దానికి కోచ్‌గా పెట్టుకున్నాడు. చొక్కాల మీద షోరూము పేరు. శుక్రవారం మధ్యాహ్నాలు అయిదు జట్లు ఆడుకుంటాయి, ఆఖరున కప్పు ఇస్తారు.

"నీ బావమరిది ఐసు మీద ఆడతాడా?" అన్నాడు బాబా.

"ముందు ఆడతాడు బాబా. డేవ్ చెప్తాడు, అడగండి."

"నాగేంద్రా, తుడిచేవాళ్ళు నాకు కావలసినంత మంది ఉన్నారు. గోల్స్ కొట్టేవాడు లేడు. నా జట్టులో ఆడమను. గోలు కొడితే షాపు మీద ఇఖామా వేస్తాను."

"ఎన్ని కొట్టాలి బాబా?"

ఆయన నవ్వాడు. "ఒకటి. ఆరు ఆటలున్నాయి. ఒక్క గోలు కొట్టనివాడు ముందు ఎందుకు?"

నా గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. ఆరు ఆటల్లో ఒక్క గోలు! మూడేళ్ళు పొద్దున్నే లేచి జారినవాడికి ఒక్క గోలు లెక్కా? ఆ సాయంత్రమే వాడికి చెప్పి, బ్నీద్ అల్ గార్ సందులో బిర్యానీ కూడా తినిపించాను. అంత బుద్ధితక్కువ పని నేను జన్మలో చేయలేదు.

మొదటి ఆట, గోలు లేదు. రెండో ఆట, లేదు. మూడో ఆటలో బిళ్ళ వీడి కర్రకే తగులుకుని ఉంది, గూడు ఎదురుగా ఉంది, కాపలావాడు పడిపోయి ఉన్నాడు. ఊదినా పడుతుంది. వీడేం చేశాడు? పక్కనున్న లెబనాన్ కుర్రాడికి నెట్టి వెనక్కి పరిగెత్తాడు. ఆ కుర్రాడు గోలు కొట్టి చేతులెత్తి గంతులేశాడు. బాబా లేచి ఆ కుర్రాడి పేరు పెట్టి అరిచాడు. నేను మొహం చేతుల్లో పెట్టుకున్నాను.

"ఆడికెందుకిచ్చావురా, ఆడేవన్నా నీ తోడల్లుడా?" అని బూట్లు విప్పుకునే గదిలో పట్టుకున్నాను.

"ఆడు ఖాళీగా ఉన్నాడు బావా. నేను ఉండిపోతే వెనకాల ఎవరూ లేరు గదా."

"వెనకాల ఇద్దరున్నార్రా! అదే వాళ్ళ పని! నీ పని కొట్టడం! ఎన్నిసార్లు చెప్పాలి, నీకు బుర్రా బుద్ధీ ఉందా?"

"ఆయ్," అన్నాడు. వాడి ఆయ్‌కి అర్థం లేదు. వర్షం వస్తోందన్నా ఆయ్, ఇల్లు కాలిపోతోందన్నా ఆయ్.

నాలుగో ఆట, అయిదో ఆట కూడా అలాగే ఏడిశాయి. విచిత్రం ఏంటంటే జట్టు మాత్రం గెలుస్తోంది. ఒకటి సున్నా, రెండు ఒకటి, ఇలా చిన్న చిన్న తేడాలతో అయిదింట్లో నాలుగు గెలిచారు. గెలిచినప్పుడల్లా బాబా నా భుజం మీద చరిచేవాడు. "చూశావా మా మిషారీని? గోడ! అయిదు ఆటల్లో నాలుగే నాలుగు పడ్డాయి!" అనేవాడు. నేను "అవును బాబా, గోడే బాబా," అనేవాణ్ణి. మిషారీ మాత్రం తండ్రి పొగుడుతుంటే బూట్ల తాళ్ళు సర్దుకుంటూ తల ఎత్తేవాడు కాదు. సిగ్గరి పిల్లాడనుకున్నాను.

అయిదో ఆట అయ్యాక బాబా చినబాబు వైపు వేలు చూపించాడు. "వాడు పరిగెత్తడం తప్ప ఏం చేస్తాడు? అటు పరిగెత్తుతాడు, ఇటు పరిగెత్తుతాడు. నాకు పరుగు వద్దు." ఇంక ఒక్క ఆటే ఉంది. అది కప్పు కోసం ఆట. మార్చి ఆఖరుకి పది రోజులుంది. కంపెనీవాళ్ళు వాడి టిక్కెట్టు తేదీ కూడా చెప్పేశారు.

ఇక మంచి మాటలతో లాభం లేదని నాకు అర్థమైంది. వీడు నా మాట వినడు, డేవ్ మాట వినడు, సొంత కాళ్ళే వీడి మాట వినవు. ఒక్క మనిషి మాట వింటాడు. అది వాళ్ళ అక్క. తల్లి చిన్నప్పుడే పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది అదే. ఆమె మీద ఒట్టేస్తే చచ్చినా తప్పడు.

శుక్రవారం పొద్దున్న వాడు అక్కని చూడ్డానికి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. మా ఆవిడ మాంసం అన్నానికి ఉల్లిపాయలు వేయిస్తోంది. నేను రాత్రే ఆమెకి నూరిపోశాను. ఆమెకి ఇష్టం లేదు. "ఆడి ఆట ఆడికి తెల్సు, మనకెందుకండీ," అంది. "నీ తమ్ముడు ఎల్లిపోతే ఏడ్చేది నువ్వే, నాకేం?" అన్నాను. దాంతో మెత్తబడింది. వాడి చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"తమ్ముడూ, నా మీద ఒట్టురా. ఇయ్యాల గోలు కొట్టేదాకా వెనక్కి రాకు. అక్కడే ఉండు."

చినబాబు మొహం పాలిపోయింది. చెయ్యి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు. నా వైపు ఒకసారి చూశాడు. నేను ఉల్లిపాయల వైపు చూశాను.

"అలాగే అక్కా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఆట ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. మొదటి భాగం మొదలైంది. చినబాబు వెళ్ళాడు, కొట్టాడు, తప్పింది. వాడి కాళ్ళు వెనక్కి తిరగబోయాయి. ఆపుకున్నాడు. ఎదుటివాళ్ళ గూటి పక్కన నిలబడిపోయాడు. దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. బిళ్ళ ఇటు వచ్చింది, ఎదుటివాళ్ళు నలుగురు వచ్చారు, మావాళ్ళు ఇద్దరే ఉన్నారు. గోలు. మూడు నిమిషాల్లో మళ్ళీ వచ్చారు. గోలు. డేవ్ బల్ల ఎక్కి "కమ్ బ్యాక్!" అని అరుస్తున్నాడు. చినబాబు అక్కడే. కదలడు.

నాకు అప్పుడు కనపడింది. అయిదు ఆటలు కళ్ళప్పగించి చూశాను, ఒక్కసారీ కనపడలేదు. ఎదుటివాడు బిళ్ళ తీసుకుని బయల్దేరినప్పుడల్లా సగం దారిలో వాడి కర్ర కిందికి ఇంకో కర్ర వచ్చేది. బిళ్ళ మిషారీ దాకా వచ్చేదే కాదు. ఆ కర్ర ఎవరిదో నేను ఎప్పుడూ చూడలేదు. నేను చూసింది గోళ్ళు కొరుక్కుంటూ ఎదుటి గూటినే. ఇప్పుడు ఆ కర్ర లేదు. వచ్చినవాడు వచ్చినట్టు నేరుగా వస్తున్నాడు. మిషారీ ఇటు దూకుతున్నాడు, అటు దూకుతున్నాడు, పాపం ఎన్నని ఆపుతాడు?

"వెనక్కి రారా! ఒరేయ్ చినబాబూ, రారా వెనక్కి!" అని అద్దం మీద రెండు చేతులతో బాదాను.

వాడు నా వైపు తిరిగి, హెల్మెట్టులోంచి ఏడుపు గొంతుతో అరిచాడు. "ఒట్టు బావా!"

మూడో గోలు పడింది. మొదటి భాగం అయిపోయింది. బాబా మొహం ఎర్రగా కందిపోయింది. కొడుకు మీద ఒక్క ఆటలో ఒక్క భాగంలో మూడు పడ్డాయి. డేవ్ నా దగ్గరికొచ్చాడు. "వాడు అక్క తల, ప్రామిస్ అంటున్నాడు. ఏం చేశావు నువ్వు?" అన్నాడు.

ఫోన్ తీసి మా ఆవిడకి చేశాను. ఎత్తదు. మళ్ళీ చేశాను. ఎత్తదు. ఆ వంటింట్లో పొగ లాగే ఫ్యాను మోత తప్ప ఇంకేమీ వినపడదు. ఇంటి నంబరుకి చేశాను, మామా ఎత్తింది. "దుర్గని పిలవండి మామా, అర్జెంటు," అన్నాను. "ఎవరన్నా చనిపోయారా?" అంది. "ఇంకా లేదు మామా," అన్నాను.

మా ఆవిడ వచ్చింది. "ఒట్టు తీసెయ్యవే!" అన్నాను.

"పొద్దున్న వెయ్యమన్నారు, ఇప్పుడు తియ్యమంటారు. నా నెత్తి ఏవన్నా మీకు గట్టు లాగా ఉందా?" అంది.

"నీ కాళ్ళకి దణ్ణం పెడతాను, తిట్టేది తర్వాత తిట్టు. ముందు వాడికి చెప్పు!"

బెంచీ మీద కూచున్న చినబాబు హెల్మెట్టు పక్కన ఫోన్ పెట్టాను. "తమ్ముడూ, ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశానురా. నీకెలా తోత్తే అలా ఆడు," అని వినపడింది.

"నువ్వే చెప్తన్నావా అక్కా, బావ చెప్పమన్నాడా?"

"ఇద్దరం చెప్తన్నాం. ఎల్లు."

వాడు ముక్కు తుడుచుకుని లేచాడు. ఆ తర్వాత నలభై నిమిషాల్లో మా గూట్లో ఒక్కటి కూడా పడలేదు. ఒక్కటి! వెళ్ళాడు, వచ్చాడు. వెళ్ళాడు, వచ్చాడు. చివరికి ఎదుటివాళ్ళు వాడి వైపు రావడమే మానేశారు. వాడు లాక్కుని ఇచ్చిన బిళ్ళలతో లెబనాన్ కుర్రాడు ఒకటి, ఇంకొకడు ఒకటి కొట్టారు. మూడు రెండు. ఆఖరి నిమిషంలో చినబాబు ఒంటరిగా దూసుకెళ్ళి కొట్టాడు. బిళ్ళ గూటి ఇనప కమ్మీకి తగిలి ఠంగుమని ఇవతల పడింది. అరక్షణం ఆగి ఇంకోసారి తోస్తే చాలు. వీడు అప్పటికే వెనక్కి తిరిగి సగం దూరం వచ్చేశాడు. నేను నేల మీద కూలబడ్డాను. ఆట అయిపోయింది. ఓడిపోయాం.

కారులో తండ్రీ కొడుకులు వెనక కూచున్నారు. షువైఖ్ దగ్గరికి వచ్చాం. అప్పుడు బాబా అన్నాడు. "నాగేంద్రా, ఆ మనిషి నాకొద్దు. స్వార్థపరుడు. తన గోలు కోసం అక్కడే నిలబడిపోయాడు. కోచ్ పిలిచినా రాలేదు. మా అబ్బాయి పరువు తీశాడు. ఖలాస్."

నోరు మూసుకుంటే నా ఉద్యోగం నాకుంటుంది. నాలుగు రోజుల్లో చినబాబు విమానం ఎక్కుతాడు, స్వార్థపరుడనే పేరు కూడా మూట కట్టుకుని. వాడికా ఆ పేరు? అన్నం ముద్ద కూడా పక్కవాడి కంచంలోకి తోసేసే వాడికి? నాకు నా మీద అసహ్యం వేసింది.

"బాబా, తప్పు వాడిది కాదు. నాది," అన్నాను. "వాడు ఎప్పుడూ వెనక్కి వస్తాడు. గోలు కొట్టేదాకా రావద్దని వాళ్ళ అక్క ప్రాణం మీద నేనే ప్రమాణం చేయించాను. వాడు నిలబడ్డది దానికి కట్టుబడి."

"ప్రాణం మీద ప్రమాణమా?" ఆయన ముందుకి వంగాడు. "దేవుడి మీద తప్ప ఇంకొకరి మీద ప్రమాణం చేస్తారా? ఒక గోలు కోసం ఆడమనిషి ప్రాణం పెట్టావా? అస్తగ్ఫిరుల్లా! నీకు సిగ్గు లేదూ?"

"లేదు బాబా," అన్నాను. అప్పుడు నిజంగానే లేదు.

ఎర్ర లైటు పడింది. నా వెనక నుంచి మిషారీ గొంతు వినపడింది. ఆ పిల్లాడు తండ్రి ముందు అంత సేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"నాన్నా, అయిదు ఆటల్లో నా దగ్గరికి వచ్చిన బిళ్ళలు ఎన్నో తెలుసా? ఇవాళ మొదటి ఇరవై నిమిషాల్లోనే అన్ని వచ్చాయి. నువ్వు నన్ను గోడ అంటుంటే నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. గోడ నేను కాదు, అతను. ఎప్పుడో చెప్పాలనుకున్నాను. నువ్వు అంత సంతోషంగా ఉంటే చెప్పలేకపోయాను."

పచ్చ లైటు పడింది. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. నేను కదల్లేదు. కదలాలన్న సంగతే మర్చిపోయాను. అద్దంలో చూస్తే బాబా కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. అటే చూస్తూ కొడుకు మోకాలి మీద చెయ్యి వేశాడు.

"యల్లా, పోనీ," అన్నాడు నాతో. ఇంటి గేటు దగ్గర దిగుతూ ఇంకో మాట చెప్పాడు. "రేపు వాడి పాస్‌పోర్టు తీసుకురా. షాపు మీద వేయిస్తాను. నువ్వు మాత్రం ఇకనుంచి ఆట దగ్గరికి రావద్దు. నువ్వు అరిస్తే వాళ్ళు చెడిపోతారు. బయట కారులో ఉండు."

ఉద్యోగం ఉంది, వాడి ఇఖామా ఉంది, ఇంకేం కావాలి? దణ్ణం పెట్టి వచ్చేశాను. వంటింటి గుమ్మంలో చినబాబు కూచుని ఉన్నాడు. మా ఆవిడ ఆటలో దెబ్బ తగిలిన వాడి ఎడమ భుజానికి వేడి గుడ్డ పెడుతోంది. క్షమించరా అందామని వెళ్ళాను. నోరు తెరిస్తే వేరేది వచ్చింది. "అరక్షణం ఆగితే నీ సొమ్మేం పోయేదిరా దరిద్రుడా, కమ్మీకి తగిలి నీ ముందే పడింది గదా!" అన్నాను. అని కూలబడి ఏడ్చాను. వాడు కంగారుపడిపోయి, "ఇఖామా పోయిందా బావా? పోతే పోయిందిలే, నువ్వేడవకు," అన్నాడు. వచ్చిందని చెప్పడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది.

ఆ తర్వాత వాడు షువైఖ్ గ్యారేజీలో టైర్ల పనిలో చేరాడు. శుక్రవారాలు ఆడుతూనే ఉన్నాడు. జట్టు గెలుస్తూనే ఉంది. నేను మాత్రం బయట పార్కింగులో ఉండేవాణ్ణి. లోపలి నుంచి అరుపులు వినపడేవి. ఏ అరుపు దేనికో తెలిసేది కాదు. మరుసటి ఏడాది జనవరిలో ఒక శుక్రవారం, కారు అద్దం మీద దుమ్ము తుడుస్తుంటే లోపల పైకప్పు లేచిపోయేంత అరుపు వినపడింది. ఎవడో ఏదో చేశాడులే అనుకుని తుడుచుకున్నాను.

ఆట అయ్యాక చినబాబు తడి జుట్టుతో, కత్తుల బూట్లు భుజాన వేసుకుని వచ్చాడు. మొహం అదోలా ఉంది.

"బావా, ఒకటి పడిందంట," అన్నాడు.

"పడిందంట ఏంట్రా? ఎవరు కొట్టారు?"

"నేనేనంట."

"అంట ఏంట్రా, అంట! నీకు తెలీదా?"

"కొట్టేసి వెనక్కొచ్చేత్తన్నాను బావా. వెనకాల అందరూ అరిచారు. తిరిగి చూసేతలికి అంతా అయిపోయింది. మిషారీ వచ్చి వాటేసుకుంటే అప్పుడు తెల్సింది."

ఆ ఒక్క గోలు కోసం నేను తిట్టని తిట్టు లేదు, మొక్కని దేవుడు లేడు, పెళ్ళాం నెత్తి మీద ఒట్టు కూడా పెట్టించాను. తీరా పడిననాడు నేను గుడ్డ పట్టుకుని కారు దగ్గర ఉన్నాను, కొట్టినవాడు వీపు తిప్పి ఉన్నాడు. ఎవర్ని తిట్టాలో తెలియక గుడ్డని నేలకేసి కొట్టాను.

"అక్కకి ఫోన్ చేద్దామా?" అన్నాడు వాడు మెల్లగా.

"ఏమని చెప్తావురా? ఎలా పడిందని అడుగుద్ది గదా!"

వాడు భుజాన ఉన్న బూట్లు కింద పెట్టాడు. "నువ్వు చూశావని చెప్పు బావా. అక్క నమ్ముద్ది."

ఫోన్ చేశాను. "ఇదిగో, నీ తమ్ముడు గోలు కొట్టాడే. చూశాను, నా రెండు కళ్ళతో చూశాను," అన్నాను. ఎలా ఎలా అని అరిచింది అవతల నుంచి. ఇక మొదలుపెట్టాను. ఎడమ పక్క నుంచి వచ్చాడన్నాను, ఒకణ్ణి తప్పించాడన్నాను, ఇంకొకడు అడ్డొస్తే వాడి కాళ్ళ సందులోంచి బిళ్ళ తోశాడన్నాను. కాపలావాడు ఒంగాడు, అయినా అందలేదు, వాడి చంక కిందనుంచి దూరిందన్నాను. అవతల మా ఆవిడ ఏడుస్తోంది. చినబాబు నా మోచెయ్యి పట్టుకుని, రెప్ప వెయ్యకుండా నా నోటి వైపే చూస్తున్నాడు.

"ఆ తర్వాత బావా?" అన్నాడు.